అన్నయ్య ముక్కు

నాకు ముక్కు మీదే కోపమని మా ఊరు ఇంగమ్‌లో అందరూ అనేవారు. చెరకు తోటల ఎండకు ఆ ముక్కు మీదే క్యాన్సర్ లేచింది. డాక్టర్లు ముక్కు మొత్తం తీసేశారు, కోపం మాత్రం మిగిలింది. మొహం మధ్యన గొయ్యితో చర్చికి ఎలా వెళ్లను? కోతల కాలమంతా ఇంట్లోనే కూర్చున్నాను.

టౌన్స్‌విల్‌లో కృత్రిమ ముక్కులు చేసే బ్రయొనీ అనే అమ్మాయి, ఇంట్లో మీ పోలిక ఉన్నవాళ్ల ముక్కు నమూనాగా కావాలంది. మా అన్నయ్య రెంజోదీ నాదీ నాన్న ముక్కే, నడుమ ఉన్న గూనితో సహా. స్కాన్ చేయించుకోడానికి అన్నయ్య వెళ్లాడు. ఎండ తగలకుండా తన ముక్కు మీద ఎప్పుడూ తెల్లటి జింక్ పూత ఉండేది. అది లేకుండా అన్నయ్యను మేమెవరం సరిగ్గా చూసిందే లేదు. ఆ రోజు దాన్ని బ్రయొనీ తుడిచింది.

కంప్యూటర్‌లో అన్నయ్య ముక్కును నా చెంపలకు ఊరికే ఆనిస్తే అతుకు గీత తెలుస్తుందట. అందుకని రెండు వైపులా అంచులు కాస్త కోసి, ఆ సందులో రెండింటి వంపునూ కలిపే కొత్త తలం పరిచింది. సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి తెర మీది మొహమంతా నలుపు తెలుపు చారలు పడేలా చేస్తారు. నున్నగా ఉంటే చారలు ఎక్కడా విరగవు. ముక్కు ఎడమ పక్కన ఒకచోట విరిగాయి. స్కాన్‌లో దోషమనుకుని ఆ చిన్న బొడిపెను చదును చేసేసింది. వాళ్ల పనిలో బొడిపె కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

నా గాయం మాని, ముక్కు తయారయ్యేసరికి వేసవి వచ్చింది. పెట్టుకునే రోజు అన్నయ్య పూత కడుక్కుని మరీ వచ్చాడు. అద్దంలో ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం.

“నాకంటే నీకే బాగుందిరా ఆల్డో. నా మొటిమ మాత్రం మింగేశారు.”

బ్రయొనీ నవ్వుతూ చారల సంగతి చెప్పింది. నాకు నవ్వు రాలేదు. అన్నయ్య గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుగు వైపు తిప్పాను. నాదీ అలాగే మొదలైంది.

“ఎప్పట్నుంచి ఉందిది?”

“పోయిన కోతలప్పట్నుంచి. మొటిమక్కూడా డాక్టరేంట్రా?”

బ్రయొనీ మొహం పాలిపోయింది. పాత స్కాన్ తెరిచింది. అందులో బొడిపె శనగబద్దంత ఉంది. అన్నయ్య మొహం మీద ఇప్పుడు శనగగింజ దాటింది. ఆ పిల్లను నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నయ్యే నన్ను కసిరి, ఏడుస్తున్న పిల్లకు మంచినీళ్లు ఇచ్చాడు.

అది క్యాన్సరే, అప్పటికే మెడ గ్రంథులకు పాకిందన్నారు డాక్టర్లు. అన్నయ్య ముక్కూ తీసేశారు. స్కాన్ ఉంది కదా, నీ ముక్కు నీకే చేయిస్తానని ఆశపెట్టాను. గాయం మానకముందే పోయాడు.

మా వాళ్లలో శవపేటిక తెరిచి ఉంచుతారు, అందరూ నుదుటి మీద ముద్దుపెట్టి సాగనంపుతారు. వదిన కార్మెలా మాత్రం మూసేయమంది.

“ఆ గొయ్యిని ఊరంతా చూడాలా?”

“ఆగు వదినా,” అని నా ముక్కు ఊడదీశాను.

అన్నయ్యకు పెడితే గూని సరిగ్గా కూర్చుంది. పక్కలు మాత్రం పైకి లేచాయి. ముక్కు తనదే, అంచులు నా చెంపలకు మలిచినవి. ఎంత నొక్కినా సందు పూడలేదు.  ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియలేదు.

వదిన ఇంటి బయటికి వెళ్లి, చెరకు కోతయంత్రంలోంచి అన్నయ్య జింక్ డబ్బా తెచ్చింది. ఇద్దరం కలిసి చెంప నుంచి చెంప దాకా మందంగా పూశాం.

చర్చిలో వరసలో వచ్చినవాళ్లెవరికీ తేడా కనిపించలేదు. రెంజో ఎప్పుడూ ఇలాగే ఉండేవాడు కదా అంటూ ముద్దుపెట్టి వెళ్లారు. మొదటి బల్ల మీద, గొయ్యి మొహంతో, నేను కూర్చున్నాను.