బుధవారం బస్సు

"కాలరు మీద ఇంకోసారి రుద్దు. కూటమి సభంటే ఆటలనుకున్నావా?" అన్నాడు రెజిస్. ఓడిల్ ఇస్త్రీపెట్టె మళ్ళీ ఆనించింది.

రెజిస్ మా మూర్లాక్ ఊరికి మేయరు. పట్నమూ చుట్టుపక్కల ఊళ్ళూ కలిసి కట్టుకున్న కూటమిలో మా ఊరికి ఒకటే కుర్చీ. అతను రాని రోజున అందులో కూర్చోవలసింది ఉపమేయరైన అతని భార్య ఓడిల్. రాని రోజంటూ ఉంటేగా! పగలంతా కారు అతనిది. చీకటి పడితే అతనికి చూపానదు, నడిపే పని ఆవిడది. సభలో గోడవారన కూర్చుని కాఫీలు అందించేది. ఆ సభలెంత సాగేవంటే, మొదట్లో కోసిన పచ్చి చీజు చివరికి ముదిరి కంపు కొట్టి, తనే లేచి తలుపు దాకా నడిచేది.

ఇంట్లో రెజిస్ పేపరుతో మాట్లాడుతూ సూపు తాగేవాడు. ఆవిడకి "ఉప్పు" అన్న మాట మిగిలేది. మనిషి గొంతు వినబడేది బుధవారం సంత బస్సులోనే. పక్క సీటులో స్నేహితురాలు గిలెన్ ఊలు అల్లుతూ, "ఏమే, మీ ఆయన ఇంకా బతికే ఉన్నాడా?" అనేది. ఆ ఒక్క ప్రశ్న కోసం ఓడిల్ మంగళవారమే బూట్లు తుడిచి పెట్టుకునేది.

ఆ సాయంత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బూట్లకని వంగిన రెజిస్ నడుము పట్టేసింది. "నువ్వే వెళ్ళు. అందరూ చెయ్యెత్తితే ఎత్తు. ఆలోచించడం అదీ పెట్టుకోకు" అన్నాడు మంచం మీంచి.

ఓడిల్ మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుంది. "అయ్యో, మరి కాఫీ ఎవరిస్తారు?" అన్నాడు అధ్యక్షుడు. అందరూ నవ్వారు. తర్వాత సంత బస్సు ఎత్తేసే సంగతి వచ్చింది. "ఎక్కేది నలుగురు ముసలమ్మలు, వాళ్ళ బుట్టలూ. సంతకి పోకపోతే కొంపలు మునుగుతాయా?" అన్నాడు అధ్యక్షుడే.

మునుగుతాయి, అనుకుంది ఓడిల్. రోజూ కాస్త కాస్తగా, చప్పుడు లేకుండా మునుగుతాయి. పైకి అందామంటే, ఆ గదిలో తన గొంతుని వాడిందెప్పుడు గనక?

"ఎత్తెయ్యొద్దనేవాళ్ళు?" అని అడిగాడు అధ్యక్షుడు.

ఇస్త్రీ వేడికి ఎర్రబడిన చెయ్యి ఒక్కటే లేచింది. బస్సు పోయింది.

"నా పరువు తీశావు! పోయింది బస్సేగా, కారుందిగా మనకి" అన్నాడు రెజిస్. ఆ బుధవారానికి నడుము సర్దుకుని, తెల్లారగానే ఆ కారేసుకుని వేటకి వెళ్ళాడు. తుడిచిన బూట్లు తొడుక్కుని ఓడిల్ వంటింట్లో కూర్చుంది, సంత ముగిసే వేళదాకా.

మళ్ళీ సభ వచ్చింది. నలిగిన చొక్కాతో రెజిస్ గుమ్మంలో నిలబడి అరిచాడు. "చీకటి పడిపోతోంది, కారు తియ్యవే!"

ఓడిల్ వంటింటి కుర్చీలోంచి లేవలేదు.

"బస్సులో వెళ్ళు, రెజిస్."