బళ్ళు నడిచిన చోటు

ప్లమ్ పళ్ళు కోయడానికి వెళ్ళిన రోజున హెప్సీకి మాట పడిపోయింది.

పొదల మధ్య కూర్చుండిపోయిన తల్లిని చూసి లొవీనా మొదట ఎండకు సొమ్మసిల్లిందనుకుంది. దగ్గరకు వెళ్ళి చూస్తే బుట్ట ఒళ్ళోనే ఉంది. పళ్ళు మాత్రం కుడివైపు నేలమీద ఒలికిపోయి ఉన్నాయి. మూతి ఒక పక్కకు జారింది. "అమ్మా, ఏమైంది?" అంటే హెప్సీ పెదవులు కదిపింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆరిన్ బాబాయి బండి కట్టుకొచ్చాడు. హెప్సీకి మరిది. ఇండియానా నుంచి ఎద్దుబళ్ళలో పడమటి ఆరిగన్‌కని అన్నావదినలతో బయల్దేరి, వాళ్ళతోపాటే ఈ ప్లాట్ నది ఒడ్డున ఆగిపోయిన మనిషి. వదినను బండిలో గడ్డి పరుపు మీద పడుకోబెడుతూ, "ఏం వదినా, ముప్పై ఏళ్ళుగా నన్ను తిట్టీ తిట్టీ నాలుక అరిగిపోయిందా?" అన్నాడు. హెప్సీ ఎడమచేత్తో అతని మోచేతి మీద ఒక్కటి వేసింది. మనిషి లోపల పూర్తిగానే ఉందని ఆ దెబ్బతో వాళ్ళిద్దరికీ తెలిసింది.

ఊరి నుంచి వచ్చిన డాక్టరు గుమ్మం దాటాక గొంతు తగ్గించి చెప్పాడు. ఇలాంటిది ఒకసారి వస్తే మళ్ళీ వస్తుంది. రెండోసారికి మనిషి ఆగదు. మంచు పడేదాకా ఉంటే గొప్ప.

ఆ రోజంతా లొవీనా గోడకున్న వెంట్రుకల దండ వైపే చూస్తూ కూర్చుంది. అద్దం వెనక, గుర్రపు లాడం ఆకారంలో, రెండు కొసలూ కలవకుండా పైకి తెరిచి ఉన్న దండ. ఇంట్లో ఎవరు పోయినా హెప్సీ వాళ్ళ జుట్టులోంచి ఒక పాయ కత్తిరించి, సన్నటి తీగ మీద చుట్టి, పువ్వు అల్లి అందులో చేర్చేది. నెరిసిన పెద్ద పువ్వు అమ్మమ్మది. ఎర్రది నాన్న ఎస్రాది. నల్లగా నిగనిగలాడేది జ్వరంతో పోయిన అన్న ఏమస్‌ది. అడుగున, అన్నిటికంటే ముందు అల్లిన చోట, దారప్పోగంత పల్చటి పసుపు పువ్వు ఒకటి ఉంది.

"అదెవరిది?" అని చిన్నప్పుడు అడిగితే హెప్సీ, "చిన్నదానిది" అనేది. అని, పొయ్యి దగ్గర పనేమీ లేకపోయినా అటు వెళ్ళిపోయేది.

లొవీనాకు తెలిసింది అంతే. ఒక ఆడపిల్ల, దారిలో పుట్టి దారిలోనే పోయింది. ఆ పేరు ఈ ఇంట్లో ఎవరి నోటా వినలేదు. ఇప్పుడు అది మాటా రాతా రాని ఒక్క మనిషి దగ్గర మిగిలింది. ఆమెతోపాటు అదీ పోతే, ఆ పిల్ల అసలు పుట్టలేదన్నట్టే.

మర్నాడు బాబాయి ప్లమ్ పళ్ళు గిన్నెలో వేసుకుని గింజలు తీస్తూ కూర్చున్నాడు. లొవీనా ఎదురుగా స్టూలు లాక్కుంది.

"బాబాయ్, చిన్నదాని పేరేంటి?"

"ఇన్నాళ్ళకా అడగడం?"

"అమ్మ చెప్తుందనుకున్నా."

అతను ఇంకో పండు అందుకున్నాడు. కత్తి ఆడుతూనే ఉంది. "మేమంతా బుడ్డిది అనేవాళ్ళం. పేరు చర్చి ఉన్న ఊరొచ్చాక, బాప్తిస్మమప్పుడు చెప్తానంది మీ అమ్మ. ఊరు రాలేదు. మీ నాన్నకేమన్నా చెప్పిందేమో. చెప్పినా, వాడు నోరు విప్పే రకం కాదుగా."

"ఎక్కడ పెట్టారు?"

"దారి మధ్యలో. పక్కన పెడితే తోడేళ్ళు తవ్వేస్తాయే. దార్లో గొయ్యి తీసి, పూడ్చి, పైనుంచి బళ్ళన్నీ తోలడం, అదీ పద్ధతి. మీ నాన్నకి చేతులు ఆడలేదు. మన బండి నేనే తోలాను."

"అమ్మ?"

"వెనకాల నడిచింది. చోటు గుర్తుపెట్టుకుందామని. అన్ని బళ్ళు తొక్కాక ఇంకేం గుర్తుంటుంది, ముందూ దారే, వెనకా దారే." అతను గింజ ఒకటి బూడిదలోకి విసిరాడు. "తోడేలుకి కనపడకూడదని చేశాం. బాగానే చేశాం."

"ఎద్దు కుంటిదైతే ఇక్కడ ఆగిపోయామని నాన్న చెప్పేవాడు."

"కుంటిదా! ఆ ఎద్దు ఆ తర్వాత పదేళ్ళు నా పొలం దున్నిందే. మర్నాడు పొద్దున మీ అమ్మ బండెక్కనంది. అంతే. ఆరిగన్‌లో ఆపిల్ తోటలు పెడతానని అందరికీ చెప్పొచ్చాడు మా అన్న. చివరికి నెపం ఎద్దు మీద పెట్టాడు."

ఆ సాయంత్రం నుంచి లొవీనా పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. తల్లి ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుని, "ఔనైతే నొక్కు" అంది. ముందు పరీక్షగా దండలోని ఒక్కో పువ్వూ చూపించి పేరు చెప్పింది. హెప్సీ ప్రతిదానికీ నొక్కింది. పసుపు పువ్వు దగ్గరకొచ్చి అమ్మమ్మ పేరు చెప్పింది, అత్తల పేర్లు చెప్పింది, బైబిల్లోని ఆడవాళ్ళందరినీ చెప్పింది. ఇండియానాలో వదిలేసి వచ్చిన ఇరుగుపొరుగు పేర్లు బాబాయిని అడిగి మరీ తెచ్చింది. చెయ్యి కదల్లేదు. రోజులు గడిచాయి. చివరికి హెప్సీ గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది.

"వద్దులే, చంపకు ఆవిణ్ణి" అన్నాడు బాబాయి.

"పోనీ, ఆ దారి దగ్గరికి వెళ్దామా అమ్మా?" అంది లొవీనా. హెప్సీ చెయ్యి గట్టిగా నొక్కింది.

అలా నొక్కినప్పుడే లొవీనాకు పాత కష్టం ఒకటి గుర్తొచ్చింది. తల్లి తనను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. పిల్లా అనేది, అమ్మాయ్ అనేది. పెళ్ళయి వెళ్ళి, భర్త పోయి తిరిగొచ్చినప్పుడు కూడా "వచ్చావా అమ్మాయ్" అనే అంది. "కన్నదానికే నీ పేరు నచ్చలేదే" అని మేనత్త వేళాకోళం చేస్తే, చిన్నప్పుడు గడ్డిమేటు వెనక్కి వెళ్ళి ఏడ్చేది.

మొక్కజొన్న ఎండే రోజుల్లో ఒక పొద్దున బయల్దేరారు. ఆ పాత దారి మీద బళ్ళు నడవడం ఎప్పుడో మానేశాయి. రైలు వచ్చాక గడ్డి పెరిగింది. కొంతమేర వలస వచ్చిన స్వీడన్ వాళ్ళు దున్ని మొక్కజొన్న వేశారు. తనకు మాట పడిపోయిన ప్లమ్ పొదల దగ్గర హెప్సీ చెయ్యెత్తింది. బండి ఆగింది. లొవీనా దిగి చూసింది, గడ్డి. తల్లి తల అడ్డంగా ఊపింది. ఇంకొంత దూరం పోయాక మళ్ళీ చెయ్యెత్తింది, మళ్ళీ కాదంది. పొలం గట్టు దగ్గర మూడోసారి ఎత్తి, ఆ చేతిని అలాగే గాలిలో ఉంచి, మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది.

ఇంటి వెనక వాగు పక్కనే ప్లమ్ చెట్లుండగా తల్లి ఏటా పళ్ళకని ఇంత దూరం ఎందుకొచ్చేదో లొవీనాకు అప్పటికి అర్థమైంది.

"నాకూ తెలీదు వదినా" అన్నాడు బాబాయి, గుర్రాల వైపు చూస్తూ. "తోలింది నేనే. నాకూ తెలీదు."

మొక్కజొన్నల్లోంచి ఒక స్వీడన్ ఆవిడ మజ్జిగ కూజాతో వచ్చింది. తలకు తెల్లగుడ్డ, చేతులకు మట్టి.

"ఏం పోయింది మీకు? ఆవు పోయిందా?"

"లేదమ్మా. పాతది ఒకటి చూసుకోవాలని వచ్చాం."

"ముసలమ్మకి తాగించు. మంచి మజ్జిగ, నీళ్ళు తక్కువ." ఆవిడ నవ్వింది. "నేను కెర్స్టిన్. నీ పేరు ఏం?"

"లొవీనా."

తన చేతిలో ఉన్న తల్లి చెయ్యి బిగిసింది.

లొవీనా తిరిగి చూసింది. హెప్సీ కూతురి మొహం చూడటం లేదు. గట్టు అవతల, మొక్కజొన్న మొదళ్ళ మధ్య నల్లటి మట్టిని చూస్తోంది.

"లొవీనా?" అంది కూతురు మళ్ళీ, ఇంకెవరినో అడిగినట్టు.

చెయ్యి నొక్కింది. వదల్లేదు.

బాబాయి టోపీ తీశాడు. కెర్స్టిన్ ఏమీ అర్థంకాక కూజా పట్టుకుని నిలబడింది. తిరుగు దారిలో చాలా దూరం వచ్చాక అతను అన్నాడు, "చాలామంది పెడతారే. పోయినదాని పేరు తర్వాత పుట్టినదానికి. నా పేరు కూడా నాకంటే ముందు ఇంకోడిదే. ఒకడు చొక్కా విడిస్తే ఇంకోడు తొడుక్కున్నట్టు."

"మరి పిలవచ్చుగా నన్ను."

"పిలిస్తే ఎవరు పలుకుతారోనని భయమేమో."

వెనక గడ్డి పరుపు మీద హెప్సీ నిద్రపోతోంది. లేదా కళ్ళు మూసుకుని వింటోంది.

డాక్టరు చెప్పినట్టే, మొదటి మంచుకు ముందే రెండోది వచ్చింది. లొవీనా తల్లి జుట్టులోంచి తెల్లటి పాయ కత్తిరించి, తీగ మీద చుట్టి, తనకు చేతనైన పువ్వు అల్లింది. వరసప్రకారం పై కొసన ఉండాల్సిన దాన్ని అడుగున, పసుపు పువ్వు పక్కన కట్టింది. అంత కుదురుగా రాలేదు.

బాబాయి పాత బండి వెనక పలకను కోసి, చిత్రిక పట్టి, సమాధులకని రెండు పలకలు చేశాడు. అతనికి చదువు రాదు. లొవీనా బొగ్గుతో అక్షరాలు రాస్తే వాటి మీదుగా ఉలి నడిపిస్తాడు. తల్లి పలక అలాగే చెక్కి సమాధి దగ్గర పాతారు.

"రెండోదీ రాసిపెట్టు, చేతులు బాగున్నప్పుడే చెక్కేస్తాను" అన్నాడు. "కెర్స్టిన్ తన పొలం గట్టు మీద పాతుకోమంది. చోటు సరిగ్గా అదే కాకపోయినా."

లొవీనా బొగ్గు పట్టుకుని పలక ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మొదటి అక్షరం తన పేరులోదే, తను చిన్నప్పుడు నేర్చుకున్న మొదటి అక్షరమే. కాసేపటికి లేచి, బొగ్గు పొయ్యిలో వేసి, పాలు పితకడానికి వెళ్ళింది.

వసంతం వచ్చింది. రెండో పలక కొట్టం గోడకు ఆనించి ఉంది. దాని మీద ఇంకా పేరు రాయలేదు.