వైకుంఠ రథానికి కొత్త ఆయిల్

శేషన్న బండి కింద వెల్లకిలా పడుకుని బోల్టు విప్పుతున్నాడు. అంతకుముందే ఇంజన్ కాసేపు తిప్పి పెట్టాడు. వేడెక్కితేనే ఆయిల్ మొత్తం దిగుతుంది. బోల్టు ఊడగానే నల్లటి ధార మోచేతి మీదుగా జారి డబ్బాలో పడింది. డీజిల్ వాసన ముక్కుకు కొట్టింది. "ఇది ఆయిలా, మసినీళ్లా?" అని ఇంజన్‌ను తిట్టాడు. తిట్టవలసింది ఇంజన్‌ను కాదని అతనికి తెలుసు.

ఆదోనిలో వర్తకుల సంఘం నడిపే వైకుంఠ రథం అది. ఊళ్లో ఎవరు పోయినా డ్రైవరు శేషన్నే. పొట్టి మనిషి, మెడ కాస్త కుడివైపుకు వాలి ఉంటుంది, గోళ్ల కింది మసి ఎన్నడూ పోదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే జనం పక్కకు తప్పుకుంటారు. అతనే అలవాటుపడి ముందుగా తప్పుకుంటాడు. ఒక్క బండి విషయంలోనే మహా మొండివాడు.

ఆ బండి తిరిగేదెంత గనక? ఇంటి నుంచి శ్మశానానికి, డప్పుల వెనక, నడక వేగంతో. ఇంజన్ సరిగ్గా కాగేలోపే ప్రయాణం అయిపోతుంది. దింపుడు కల్లం దగ్గర పాడె దించి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. అంతసేపూ ఇంజన్ ఆపకూడదు. ఆపాక మళ్లీ స్టార్టు కాకపోతే, పోయినవాళ్లకు వెళ్లడం ఇష్టం లేదని ఆడవాళ్లు గొల్లుమంటారు. అలా ఇంజన్ అరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు. సంఘం అధ్యక్షుడైన పత్తి వ్యాపారి దామోదరం ఆ మీటరునే నమ్ముకున్నాడు.

"కిలోమీటర్లే కాలేదు గదప్పా, అప్పుడే ఆయిలెందుకు?" అనేవాడు.

"దగ్గర దగ్గర తిరిగే బండికి ఆర్నెల్లకోసారి మార్చాల సావుకారీ. మీటరుకేం తెలుస్తాది?" అనేవాడు శేషన్న.

పోయిన వానాకాలం ఎమ్మిగనూరు రోడ్డులో, హులిగమ్మ అనే కూలిమనిషి శవాన్ని తీసుకుపోతుంటే ఇంజన్ పట్టేసింది. కొడుకులిద్దరూ వానలో తల్లిని భుజాలకెత్తుకున్నారు. "సచ్చినాక గూడా మా యమ్మకు బండెక్కే రాత లేదా అన్నా?" అన్నాడు చిన్నవాడు. శేషన్న తలెత్తలేకపోయాడు. ఇంజన్ పాతదని దామోదరం తేల్చేసి బాగుచేయించాడు గానీ, ఆయిల్ సంగతి మళ్లీ మొదటికొచ్చింది. అడిగి అడిగి విసుగెత్తి, నిన్న శేషన్న తన జీతంలోంచే కొనుక్కొచ్చాడు.

ఫోన్ మోగింది.

"యాడున్నావు శేషన్నా? మా వియ్యంకుడు పోయినాడు. బండి తీస్కరా," అన్నాడు దామోదరం.

"ఆయిల్ దిగుతాండాది సావుకారీ. అయినాక వస్తా."

"బోల్టు బిగించి రాప్పా! రేపు మార్చుకుందువు."

శేషన్న డబ్బా వైపు చూశాడు. సగం పాత ఆయిల్ ఇంకా లోపలే ఉంది. రేపంటే ఇంకెప్పుడో అని అతనికి తెలియనిది కాదు.

"ఇప్పుడు రాను. ఈ బండిలో ఇంకొకర్ని నడిదోవన దింపను," అని ఫోన్ పెట్టేశాడు. భయం వేసింది. అయినా ఆఖరి చుక్క పడేదాకా బోల్టు ముట్టుకోలేదు.

అతను వెళ్లేసరికి ఇంటి ముందు జనం ఎండలో మాడిపోతున్నారు. దామోదరం గబగబా వచ్చి, "పంక్చరైందని సెప్పు. నేను సర్దిసెప్తా," అని చెవిలో గొణిగాడు. ఆ ఒక్క మాట అంటే ఉద్యోగం నిలిచేది. ఇంతలో పోయినాయన కొడుకు మీదికొచ్చాడు. "ఇంతసేపు యాడ సచ్చినావు?"

"ఆయిల్ మారుస్తాంటి. మీ నాయన నడిరోడ్డులో నిలబడకూడదని."

దామోదరం ముఖం నల్లబడింది.

దింపుడు కల్లం దగ్గర ఇంజన్ మెత్తగా తిరుగుతోంది. కొడుకు తండ్రిని పిలిచిన మూడు పిలుపులూ శేషన్నకు తన సీట్లోకే వినిపించాయి. ఇన్నేళ్లూ ఇంజన్ మోతలో కలిసిపోయిన ఆ పిలుపు వినడం అదే మొదలు. తప్పు చేయలేదని గట్టిగా అనుకున్నాడు.

సాయంత్రం షెడ్డు దగ్గర దామోదరం నేల చూస్తూ, "రేపట్నుంచి రావద్దులేప్పా," అన్నాడు.

శేషన్న బతిమాలలేదు. బండి కడిగి, తుడిచి, తాళంచెవి దామోదరం చేతిలో పెట్టాడు. మళ్లీ వెనక్కి చూడకుండా బస్టాండు దారి పట్టాడు.

మర్నాడు కొత్త డ్రైవరు తలుపు తీసేసరికి, స్టీరింగుకు దారంతో కట్టిన అట్టముక్క గాలికి కదులుతోంది. దాని మీద బొగ్గుతో రాసిన పెద్ద పెద్ద అక్షరాలు: "ఉగాదికి మళ్లీ ఆయిల్ మార్చాల. మీటరు సూడొద్దు."