ఐడియా ఉందా?

ఆ ఉదయం మబ్బు విడలేదు. తెల్లవారుజాము నుంచి పడుతున్న సన్నటి తుంపరకు వడ్రంగి కొట్టులో చెక్కంతా చెమ్మగిల్లింది. బిగించాల్సిన తలుపు ఉబ్బిపోయి చట్రంలో ఇమడనని మొరాయించింది.

కొట్టు అన్నదమ్ములిద్దరిది. కిందటి నెల ఒక బీరువా పని దగ్గర మాటామాటా పెరిగి, "నీ ఐడియాలు నీ దగ్గరే పెట్టుకో అన్నయ్యా" అనేశాడు తమ్ముడు. ఆనాటి నుంచి అన్న నోటికి తాళం వేసుకున్నాడు. ఒకే బల్ల దగ్గర పనిచేస్తున్నా, ఎవరూ లేని ఇంట్లో తిరుగుతున్నట్టుండేది అతనికి. మధ్యాహ్నం రంపప్పొట్టు కుప్ప వైపు తిరిగి ఒక్కడే తినేవాడు. తమ్ముడు పిలుస్తాడేమోనని చెవి మాత్రం అతని వైపే ఉండేది.

తమ్ముడు ఉలి కింద పెట్టి, నేల చూపులు చూస్తూ అడిగాడు. "ఏమైనా ఐడియా ఉందా?"

అన్నకు ప్రాణం లేచొచ్చింది. "ఉంది."

తమ్ముడి ముఖం వాడిపోయింది. "ఎప్పుడు?"

"కాస్త ఎండ రానీరా. చెమ్మ ఆరాక అంచు చిత్రిక పడదాం. ఇప్పుడే గీకేస్తే తర్వాత వదులైపోతుంది."

"తలుపు సంగతి ఎవడడిగాడు! పక్క వీధి కొట్లో చేరతావని అందరూ అంటున్నారు. వెళ్ళిపోయే ఐడియా ఉందా అని అడిగా."

"అదా? అంత పిచ్చి ఐడియా నాకెందుకొస్తుందిరా!"

తమ్ముడు ఉలిని పెట్టెలో పెట్టేశాడు. మధ్యాహ్నమయ్యాక తన అన్నం డబ్బా తెచ్చి అన్న డబ్బా పక్కన పెట్టాడు. గోడకు ఆనించిన ఆ తలుపు ఎదుటే కూర్చుని ఇద్దరూ కలిసి తిన్నారు.