పడవకు తగిన బండి

అల్లుడు పళ్ళు తోముకుంటూ కిటికీలోంచి చూసేసరికి గేటు ముందు ఒక పడవ ఉంది. రెండు చక్రాల ట్రైలర్ మీద, నీలం టార్పాలిన్ కప్పుకుని, వీధికి సగం అడ్డంగా నిలబడి ఉంది. దాన్ని తెచ్చి దింపిన లారీ మనిషికి అత్తగారు చెయ్యి ఊపి వీడ్కోలు చెబుతున్నారు.

ఆవిడ ఉద్యోగమంతా మునిసిపల్ ఈత కొలనులోనే గడిచింది. ఊళ్ళో సగం మందికి ఈత నేర్పింది ఆవిడే. రిటైరయ్యి కూతురింటికి వచ్చాక పొద్దు గడవక వంటింట్లో సీసాలన్నీ సర్దడం, మర్నాడు వాటినే ఇంకోలా సర్దడం అలవాటు చేసుకున్నారు. పాత స్నేహితురాలు ఒకావిడ అపార్ట్‌మెంటుకి మారుతూ, "నా పడవ తీసుకెళ్తావా?" అని అడిగితే క్షణం ఆలస్యం చెయ్యకుండా సరేనన్నారు.

"ఒక్క మాట మాకు చెప్పొచ్చుగా అమ్మా," అంది కూతురు.

"చెబితే మీరు ఆలోచిస్తారు. ఆలోచిస్తే వద్దంటారు. ఆ శ్రమ మీకెందుకని," అన్నారు ఆవిడ.

"రిజర్వాయరు ఊరికి అంత దూరం. దీన్ని అక్కడిదాకా ఎవరు లాగుతారు?"

"మన కారు లేదూ?" అన్నాడు అల్లుడు. అతనికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఆ చిన్న కారు దుకాణం నిలదొక్కుకున్నాక ముచ్చటపడి కొనుక్కున్నది. దాన్ని ఎవరైనా చిన్న కారంటే అతనికి మనసు చివుక్కుమంటుంది.

"లాగుతుంది సరే. ఆపగలదా?" అంది భార్య. అతను విననట్టే ట్రైలర్‌ని కారుకి తగిలించే కొక్కెం కోసం వెతకడానికి వెళ్ళిపోయాడు.

తరువాతి ఆదివారం ముగ్గురూ బయలుదేరారు. ఊరు దాటేవరకూ బాగానే ఉంది. రోడ్డు ఖాళీగా కనబడగానే అల్లుడు కాస్త వేగం పెంచాడు. అంతే, వెనక పడవ తోక ఊపడం మొదలుపెట్టింది. దాంతోపాటు కారూ అటూ ఇటూ ఊగింది. అతను మెల్లగా వేగం తగ్గించాడు. మిగతా దారంతా అదే నిదానంలో నడిపాడు.

నీళ్ళ మీద మాత్రం ఆ పూట హాయిగా గడిచింది. చిక్కు తిరుగు ప్రయాణంలో వచ్చింది. పడవలు దించే సిమెంటు వాలు పాచి పట్టి ఉంది. పడవని ట్రైలర్ మీదికి ఎక్కించి కారు ముందుకు పోనిచ్చేసరికి ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. వెనకనుంచి పడవ గుంజుతోంది. కారు మెల్లమెల్లగా నీళ్ళలోకి జారింది. వెనక సీట్లో అత్తగారున్నారు. ఆవిడ పక్క తలుపు అంచుకి నీళ్ళు తగిలేసరికి అల్లుడు బ్రేకు బలంగా తొక్కిపట్టాడు.

"నా సంగతి వదిలెయ్యండి అల్లుడుగారూ," అన్నారు ఆవిడ వెనకనుంచి. "మీరు మాత్రం బ్రేకు మీంచి కాలు తియ్యకండి."

చేపల వ్యాను మనిషి ఒకతను తాడు కట్టి పైకి లాగాడు. తాడు చుట్టుకుంటూ కారు వైపు జాలిగా చూసి, "పాపం, దీన్ని ఇంత కష్టపెట్టకండి," అని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక అల్లుడికి అన్నం సయించలేదు. కంచంలోనే చెయ్యి కడిగేసుకుంటూ, "మీరు లోపలే ఉన్నారు అత్తయ్యా," అన్నాడు. అదే మాట మళ్ళీ అన్నాడు.

"పడవ తిరిగి ఇచ్చేద్దాంలెండి. నా సరదా కోసం మీకు ఈ తంటా ఎందుకు?" అన్నారు అత్తగారు.

అతను తల అడ్డంగా ఊపాడు. "ఇవాళ తెడ్డు పట్టుకుని మీరు నవ్వారు చూడండి, ఈ ఇంటికి వచ్చాక మీరలా నవ్వగా నేను చూళ్ళేదు. పడవ ఉంటుంది. బండి సంగతి నేను చూస్తాను."

"మనం చూద్దాం," అని సరిదిద్దింది భార్య.

ముందు బరువెంతో తెలియాలి అందామె. పడవలో ఎప్పుడూ ఉండే సామానంతా ఉంచి, ఇసుక లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గరికి తెలిసినవాళ్ళ ట్రాక్టరుతో లాగించుకు వెళ్ళారు. స్నేహితురాలు చెప్పిన బరువుకి దాదాపు రెండింతలు చూపించింది. ఇంజను, పెట్రోలు డబ్బా, లంగరు సరే, వాటి మధ్య ఐసు పెట్టె, స్టవ్, మడత కుర్చీలు, రెండు గొడుగులు, ఒక పరుపు బయటపడ్డాయి.

"పడవని తూచమన్నారా, కాపురాన్నా?" అని అడిగాడు కాటా మనిషి. అత్తగారు పరుపు వైపు చూడనట్టు నటించారు.

వాళ్ళ కారు లాగగల బరువు అందులో సగం కూడా లేదని మెకానిక్ చెప్పాడు. లాగే బండి లాగించుకునేదానికన్నా బరువుగా ఉండాలి, బండి శక్తి అంచులదాకా వాడకుండా కొంత మిగలాలి, వాలు మీద వెనక చక్రాలు నెట్టే బండి అయితే మేలు, పడవలో బరువు వెనక్కి చేరితే ఆ ఊపు మళ్ళీ తప్పదు అని వివరించాడు.

పాత బండ్లు అమ్మే చోట అల్లుడి చూపు తిన్నగా ఒక నల్ల జీపు మీద పడింది. దాని చక్రాలు అతని నడుందాకా ఉన్నాయి. అతను దాని చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటే భార్య, "అమ్మా, ఒకసారి ఎక్కి చూడు," అంది. ఆవిడ కడ్డీ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎలాగో ఎక్కి కూర్చుని నవ్వారు.

"ఇక దిగమ్మా."

"బాగానే ఎక్కానుగా?"

"ఆస్పత్రిలో రోజంతా నేను చూసేవి మోకాళ్ళే. నాకు చెప్పకు," అంది కూతురు. అల్లుడు జీపుని మరోసారి కళ్ళారా చూసుకుని ఇవతలికి వచ్చేశాడు.

ఇంకోచోట మెత్తటి సీట్లున్న పొట్టి కారు చూపించి, "ఏనుగునైనా లాగుతుందండీ," అన్నాడు అమ్మేవాడు.

"మా ఇంట్లో ఏనుగు లేదండీ, పడవ ఉంది. ఎన్ని కిలోలు లాగుతుందో చెప్పండి," అందామె. అతను వెంటనే పక్కనున్న ఇంకో కారు వైపు చెయ్యి చూపించాడు.

చివరికి దొరికింది ఒక బేకరీ వ్యాను. బేకరీ ఆయన పెద్దది కొనుక్కుని దీన్ని వదిలించుకుంటున్నాడు. ఆవపిండి రంగు, పక్కన ఇంతెత్తు రొట్టె బొమ్మ. అల్లుడి ముఖం చిన్నబోయింది. కానీ వ్యాను పొడుగ్గా, బరువుగా ఉంది. వెనక చక్రాలు నెట్టే రకం. పక్క తలుపు జరిపితే కాలికి అందేటంత కిందుగా మెట్టు, లోపల డ్రైవరు వెనక ఒక వరస సీట్లు. అత్తగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేసి, లోపల రొట్టెల వాసన గుండెల నిండా పీల్చుకున్నారు.

ఖాళీ బండి నడిపి చూస్తే ఏం తెలుస్తుందని భార్య పట్టుబట్టడంతో బేకరీ ఆయన అక్కడే తాత్కాలికంగా కొక్కెం బిగించనిచ్చాడు. పడవని అక్కడికే తెప్పించి తగిలించారు. ఐసు పెట్టె ముందుకు జరిపారు, పరుపు ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె స్టీరింగు పట్టుకుంది. వాలు మీద ఆపింది, కదిలించింది. దిగుడులో బ్రేకు వేసి చూసింది. తడినేల మీద నిలబెట్టి మళ్ళీ ముందుకు పోనిచ్చింది.

"ఎలా ఉంది?" అన్నాడతను.

"వెనక పడవ ఉందని తెలుస్తోంది. కానీ అది మనల్ని నడపడం లేదు," అంది.

అతనికి అప్పుడు ఆ రొట్టె బొమ్మ అంత వికారంగా అనిపించలేదు. వ్యాను కొనేశారు. మెకానిక్ కొక్కేన్ని చట్రానికి గట్టిగా బిగించి, ట్రైలర్‌కి విడిగా బ్రేకులు, గొలుసులు, వెనక దీపాలు, వ్యానుకి పొడుగు అద్దాలు అమర్చాడు. ఖాళీ మైదానంలో ఇద్దరూ వెనక్కి నడపడం సాధన చేశారు. ట్రైలర్ అడ్డం తిరిగినప్పుడల్లా, "ఎడమకి తిప్పితే కుడికి పోతుంది, అచ్చం మీలాగే," అని భర్తని ఏడిపించిందామె. సాయంత్రానికి ఇద్దరికీ చెయ్యి కుదిరింది.

ఈసారి రిజర్వాయరు దగ్గర ఎవరికీ తాడు అవసరం రాలేదు. పడవ నీళ్ళలోకి మెత్తగా జారింది. అత్తగారు ఒక్కరే తెడ్డు వేసుకుంటూ అవతలి ఒడ్డుదాకా వెళ్ళారు. భార్యాభర్తలు వ్యాను తలుపు దగ్గర కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఆవిడ టోపీనే చూస్తూ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తిన్నారు. ఆవిడ తిరిగి వచ్చేసరికి ఒడ్డున ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు.

"ఇలా తెడ్డు వెయ్యడం ఈ వయసులో మాకు వస్తుందాండీ?" అని అడిగింది వాళ్ళలో పెద్దావిడ.

"నీళ్ళకి వయసుతో ఏం పని? వచ్చే ఆదివారం రండి," అన్నారు అత్తగారు.

పడవని ఎక్కించారు. వ్యాను పాచి పట్టిన వాలు మీద తొణక్కుండా పైకి వచ్చింది. ఇంటిదారిలో దిగుడు రాగానే భార్య గేరు తగ్గించి నిదానంగా పోనిచ్చింది. వెనక సీట్లో అత్తగారు, వచ్చే వారం ఇంకో రెండు లైఫ్ జాకెట్లు కావాలని, కాస్త పెందలాడే బయలుదేరాలని చెబుతున్నారు. అల్లుడు ప్రతి మాటకీ సరేనంటున్నాడు.