చిన్నపేగు చివరి భాగం

ఆమె ఉద్యోగం ఎలుకల పేగులతో. పరిశోధనశాల రెండో అంతస్తులో, కిటికీలు లేని గదిలో, వాటి చిన్నపేగులను ముక్కలుగా కోసి, ఏ ముక్కలో ఎంత వైరస్ ఉందో చూసేది. అందుకే తమ్ముడు ఆమెకు ‘పేగులక్క’ అని పేరు పెట్టాడు. అతని కూతురికి మాటలు వచ్చాక ఆమె ‘పేగులత్త’ కూడా అయింది. ఆ పేరుకు ఆమె ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

పేగుల్లోని బ్యాక్టీరియా ఊరికే కూర్చుని తినవు. మనం తిన్నదాన్ని, కాలేయం పంపే పైత్యరసాన్ని విరిచి, కొత్త పదార్థాలు తయారుచేస్తాయి. అలాంటి ఒక పదార్థం వెంట ఆమె చాలాకాలంగా పడుతోంది. యాంటీబయోటిక్ కలిపిన నీళ్లు తాగి బ్యాక్టీరియాను పోగొట్టుకున్న ఎలుకలకు వాంతులు, విరేచనాలు తెప్పించే జాతి వైరస్ సోకిస్తే, చిన్నపేగు పైభాగంలో అది విచ్చలవిడిగా పెరిగింది. అలాంటి ఎలుకలకే ఆ పదార్థాన్ని తాగిస్తే, వైరస్ అణిగిపోయింది. మళ్లీ చేసినా అంతే.

ఆ సంతోషం ఆమె కడుపులో దాగలేదు. ఆ ఆదివారం తమ్ముడి ఇంట్లో భోజనాల దగ్గర చెప్పేసింది.

“అయితే మన కడుపులోనే కాపలావాళ్లున్నారన్నమాట,” అన్నాడు తమ్ముడు.

“కాపలా ఏం కాదురా. వాటి పని అవి చేసుకుంటాయి. ఆ పనిలో పుట్టిందేదో పేగుని ముందే మేల్కొలుపుతుంది. వైరస్ వచ్చేసరికి పేగు సిద్ధంగా ఉంటుంది.”

“ఏదైతేనేం, మందు దొరికింది.”

“ఎలుకలకి,” అంది ఆమె. అన్నదే గానీ, నవ్వుతూ అంది. గట్టిగా చెప్పాల్సిన మాట నవ్వులో కలిసిపోయింది.

తమ్ముడూ మరదలూ ఇంటి కింది వాటాలో చంటిపిల్లల సంరక్షణ కేంద్రం నడిపేవారు. తల్లిదండ్రులు పనులకు వెళ్లేటప్పుడు పిల్లలను అక్కడ దింపి, సాయంత్రం తీసుకెళ్లేవారు. వానాకాలం ముగుస్తుండగా అక్కడ ఒక పిల్లవాడు వాంతి చేసుకున్నాడు. ఆ వారం తిరగకుండానే సగం మంది పిల్లలు పడకేశారు. ఆఖరికి తమ్ముడి కూతురికీ వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి.

ఆ రోజు మధ్యాహ్నం తమ్ముడు పరిశోధనశాల గేటు దగ్గరికే వచ్చాడు. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

“ఆ పదార్థం ఇవ్వు అక్కా. కొంచెం చాలు.”

“అది మనుషులకి ఎప్పుడూ ఇవ్వలేదురా.”

“ఎలుకలకి పోస్తావు, మేనకోడలికి పొయ్యవా?”

“ఎలుకకి ఏమైనా అయితే రాసుకుంటాను. పాపకేమైనా అయితే?”

అతను గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

“పద, ఆస్పత్రికి తీసుకెళ్దాం,” అంది ఆమె. “తాగిన నీళ్లు నిలవకపోతే సెలైన్ పెడతారు. ఇప్పుడు దానికి కావాల్సింది అదే.”

“ఆ మాట ఎవరైనా చెబుతారు. దానికి నువ్వెందుకు?”

ఆమె లోపలికి వెళ్లి, తెల్లకోటు విప్పేసి, అతనితో బయల్దేరింది.

ఆస్పత్రి మంచం మీద పాప వడిలిన ఆకులా పడి ఉంది. మరదలు పక్కనే కూర్చుని చెంచాతో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పడుతోంది. పట్టినవన్నీ బయటికి వస్తున్నాయి.

“పేగులత్తా, నా కడుపులో ఎలుక ఉందా?” అంది పాప నీరసంగా.

“లేదమ్మా. ఎలుకలన్నీ నా దగ్గరే ఉన్నాయి.”

నర్సు రెండు చోట్ల గుచ్చితే గానీ నరం దొరకలేదు. తమ్ముడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మర్నాటికి పాప మూత్రం పోసింది, బొమ్మ కావాలని ఏడ్చింది. ఏడిస్తే కన్నీళ్లు వచ్చాయి. ఒంట్లో నీరు చేరిందనడానికి అది గుర్తని డాక్టరు చెప్పాడు. తమ్ముడు డాక్టరుకు చేతులు జోడించి దణ్ణం పెట్టాడు. అక్కతో మాత్రం మాట్లాడలేదు.

ఆమె పనిలోకి తిరిగి వచ్చింది కానీ, మనసు పని మీద నిలవలేదు. ఆ రోజు ఇచ్చి ఉంటే ఏమయ్యేది? ఆ ఎలుకల చిన్నపేగు చివరి ముక్కలు ఫ్రీజర్‌లో అలాగే ఉన్నాయి. పైభాగం ఫలితం అంత బాగా వచ్చాక వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఆమె వాటిని తీసి పరీక్షించింది. పదార్థం తాగిన ఎలుకల్లో, పైన అణిగిన వైరస్ కింద, తాగని వాటికంటే రెట్టింపుకు పైగా పెరిగి ఉంది. గొట్టాలు తారుమారయ్యాయేమోనని కొత్త ఎలుకలతో మొదటి నుంచీ చేసింది. అదే వచ్చింది.

ల్యాబ్ పెద్దాయన కాగితాలు చూసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“పైభాగం సంగతి శుభ్రంగా ఉంది. అది సైన్సు పత్రికకి పంపించేద్దాం. కిందిది ఇంకో పేపరు.”

“పేగు ఒకటే కదండీ.”

“కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, విన్నావా?”

“ఎలుకలవి రోజూ మనమే చించుతున్నాం కదండీ.”

పెద్దాయనకు నవ్వు ఆగలేదు. నవ్వాక కళ్లద్దాలు పెట్టుకుని కాగితాలు మళ్లీ తిరగేశాడు. చివరికి పేపరు ఆపమన్నాడు.

జబ్బు వల్ల మూసేసిన కేంద్రాన్ని శుభ్రం చేసే రోజు ఆమె పిలవకుండానే వెళ్లింది. చేతులకు రాసుకునే జెల్ ఈ వైరస్‌కు చాలదని, సబ్బుతో పారే నీళ్ల కింద కడుక్కోవాలని, నేలనూ బొమ్మలనూ బ్లీచింగ్ నీళ్లతో తుడవాలని చెప్పి, తనూ ఒక గుడ్డ తీసుకుంది. తుడుస్తూనే తమ్ముడికి కొత్త ఫలితం చెప్పింది.

“అయితే నువ్వు ఇవ్వకపోవడమే మంచిదైంది,” అన్నాడు అతను తల ఎత్తకుండా.

“అలా అనకు. ఆ రోజు నాకిది తెలీదు. తెలీకే ఇవ్వలేదు.”

“ఇస్తే పాపకి ఎక్కువయ్యేదా?”

“అదీ తెలీదు. ఎలుకలు వేరు, పాప వేరు.”

“అబద్ధమైనా చెప్పొచ్చు కదక్కా. కాస్త నిమ్మళంగా ఉండేది.”

అతను బకెట్ తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. మరదలు ఆమె పక్కన చతికిలబడింది.

“ఆయన కోపం మీ మీద కాదు వదినా. మొదట వాంతి చేసుకున్న పిల్లాణ్ణి ఇంటికి పంపించేద్దామని నేనన్నాను. వాళ్లమ్మకి సెలవు దొరకదని ఏడిస్తే, ఈయన జాలిపడి సాయంత్రం దాకా ఉంచేశారు. అప్పట్నుంచీ అన్నం సయించట్లేదు.”

ఆమె గుడ్డ పక్కన పెట్టి పెరట్లోకి వెళ్లింది. అతను కుళాయి కింద బకెట్ పెట్టి, నిండి పొర్లుతున్నా చూస్తూ నిలబడి ఉన్నాడు.

“ఆ పిల్లాడు వాంతి చేసుకునే సరికే గదంతా అంటించి ఉండొచ్చు,” అంది. “పంపేసినా పాపకి వచ్చేదేమో. ఎవరి నుంచి వచ్చిందో నేను కాదు కదా, ఎవరూ చెప్పలేరు.”

“నిజంగానా? నన్ను ఊరడించడానికా?”

“ఊరడించడం నాకు చేతకాదని నీకు తెలుసు.”

అతను కుళాయి కట్టేశాడు. ముఖం కడుక్కుని, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

కేంద్రం తెరిచాక కొందరు పిల్లలు మళ్లీ రాలేదు. వాంతి చేసుకున్న పిల్లలను వెంటనే ఇంటికి పంపాలనే నియమం పెట్టారు. దాని మీద తల్లులతో గొడవలు పడే పని మరదలు తన మీద వేసుకుంది. అక్క పేపరు బాగా ఆలస్యమైంది. ఈలోగా వేరే దేశంలోని ఒక బృందం పైభాగం సంగతి ప్రకటించేసింది. పెద్దాయన ఒక రోజంతా తలుపు వేసుకుని కూర్చున్నాడు. ఆమె మాత్రం కింది భాగం పని మానలేదు. పైన వైరస్‌ను అణిచే పదార్థమే అక్కడ దానికి ఎందుకు తోడ్పడుతోందో ఇంకా తేలలేదు.