పట్టు నేర్పిన లేవి

“మడమ కాదప్పా, మడమకు పైన. ఇంకా పైన. ఆ, ఆడ. బొటనవేలు లోపలికి రావల్ల.”

ఎండిన కుందూ ఏటి ఇసుకలో ఊరి చెడుగుడు జట్టు గోచీలు బిగించి నిలబడి ఉంది. తుమ్మకొమ్మకు వేలాడుతున్న గడ్డిమూటను ఒక్కొక్కరే వచ్చి పడగొట్టే ప్రయత్నం చేస్తున్నారు. మూటకు గోనెపట్టాతో రెండు కాళ్ళు కుట్టి, అడుగున ఇసుక నింపి బరువు పెట్టినవాడు లేవి. వాళ్ళకు బారెడు దూరంలో చింతబరికె పట్టుకుని నిలబడి, ఎక్కడ పట్టాలో దాని కొసతో ఇసుకమీద గీసి చూపిస్తున్నాడు. యాభై దాటిన మనిషి. పొట్టి. మెడ ఉందో లేదో తెలియకుండా తల నేరుగా భుజాలమీద కూర్చున్నట్టుంటుంది. కుడిచెవి ఏనాటి ఆటలోనో నలిగి ముడుచుకుపోయింది. చేతులు మాత్రం ఒంటికి మించిన పొడవు.

చెడుగుడు నేర్పేవాడెవడైనా చెయ్యి పట్టుకుని నేర్పుతాడు. పట్టు తప్పితే వేళ్ళు విడదీసి, సరైన చోట పెట్టి, గట్టిగా ఒక నొక్కు నొక్కుతాడు. లేవికి ఆ వీలు లేదు. అతను మాలపాలెం మనిషి. ఆడేవాళ్ళు రెడ్లు, బోయలు, ఒక కంసాలి. ముట్టుకుంటే మైల. అందుకని ఇన్నేళ్ళుగా పట్టును నోటితోనే నేర్పుతున్నాడు. మాట చాలనప్పుడు తన కాలు తానే పట్టుకుని దబ్బున కిందపడి చూపిస్తాడు. మొదట్లో ఒక పొట్టేలును తెచ్చాడు గానీ పొట్టేలు ఆటకు ఒప్పుకోలేదు. ఇద్దరు ఆటగాళ్ళ తొడలు కమిలిపోయాక గడ్డిమూట వచ్చింది. గడ్డికి మైల లేదు గదా. లేవి కోసిన జొన్నలు రెడ్డి గాదెలోకి పోవచ్చు, లేవి కుట్టిన మూటను ఊరంతా వాటేసుకోవచ్చు, లేవి చెయ్యి మాత్రం ఎవరికీ తగలకూడదు. ఇదేం న్యాయమని అడిగితే పెద్దలు ఆకాశం వంక చూసి వాన సంగతి ఎత్తుతారు.

“అయ్యా, అందరూ ఇట్ల రాండి. ఈ పొద్దు ఒకటే మాట. వాడు లోపలికొచ్చేటప్పుడు పట్టాకండి. రానీండి. వానికి దమ్ము ఖర్చు కానీండి. వాడు మళ్ళేటప్పుడు పట్టల్ల. మనిషి ఇంటి దావ చూసుకునేటప్పుడే కాళ్ళు మర్చిపోతాడు.”

వరుసలో కొసన ఉన్న గిడ్డయ్య తల ఊపాడు. బోయల పిల్లవాడు, మంచి పట్టుగాడు. లేవి చెప్పినదాన్ని చెప్పినట్టు ఒంట్లోకి దించుకునేది జట్టులో అతనొక్కడే. కూతకు పోయే నరసింహకు ఇవేవీ పట్టవు. అతను రెడ్డి అల్లుడు. నీడన కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు.

చెడుగుడులో పేరు కూత పెట్టేవాడిదే. వరుసగా చేతులు కలిపి కాచుకునేవాళ్ళ పేర్లు తిరునాళ్ళ మరునాటికే ఊరు మరిచిపోతుంది. ఇక వాళ్ళకు నేర్పినవాడి సంగతి చెప్పేదేముంది. లేవి చిన్నతనంలో మిషన్ బోర్డింగులో చదువుకున్నాడు. అక్కడి డ్రిల్లు అయ్యగారే అతని చేతులు పట్టుకుని ఆట నేర్పాడు. కరువులో తండ్రి పోయాక చదువు మాని రెడ్డి ఇంటి జీతానికి కుదిరాడు. ఒక సాయంత్రం పాలెం కుర్రాళ్ళు ఏటిలో ఆడుకుంటుంటే ఇప్పటి ఊరిపెద్ద మహానంది రెడ్డి తండ్రి గుర్రం ఆపి చూశాడు. ఒక పొట్టివాడు తనకు రెండింతలున్నవాణ్ణి గీత దాటనీయకుండా పడేశాడు. “రేపట్నుంచి మావాళ్ళకు నేర్పురా” అన్నాడు పెద్దరెడ్డి. ఆడమని అనలేదు. ఆనాటినుంచి లేవి ఊరి జట్టు మనిషే, ఊరి బరిలో మాత్రం ఒక్కనాడూ అడుగుపెట్టలేదు.

ఆ పొద్దు ఏటి గట్టెక్కుతుంటే లేవికి ఎడమ భుజంలో ఏదో లాగింది. తుమ్మమొద్దు పట్టుకుని కాసేపు ఆగాడు. పడి చూపించడం ఎక్కువైందని అనుకున్నాడు.

ఇంట్లో కృపమణి సంగటి, గోంగూర ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

“ఈ పొద్దు అడుగు. అడక్కుండా రావాకు.”

“అడుగుతా లే.”

“నిరుడూ ఇట్లే అంటివి.”

లేవి ఇంకో ముద్ద గోంగూరలో అద్దుకున్నాడు. బద్వేలు మిషన్ బడి పెద్ద దావీదురాజు కొన్నేళ్ళుగా రమ్మంటూనే ఉన్నాడు, మొన్న ఆదివారం మళ్ళీ పాలెం గుడికి వచ్చాడు. ఆరాధన అయ్యాక లేవిని పక్కకు పిలిచి, బడికి డ్రిల్లు అయ్యవారు కావాలని, ఈ తిరునాళ్ళ అయ్యేసరికి మాట చెప్పకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటామని చెప్పాడు. “మన పిల్లోళ్ళే లేవీ. చెయ్యి పట్టుకుని నేర్పొచ్చు” అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి లేవికి సరిగా నిద్ర లేదు. ఇసుకలో తన కాలు తానే పట్టుకుని పడిలేచే బతుకు ఇక చాలనిపించింది. ఒక్క పిల్లవాడి వేళ్ళయినా తన చేత్తో సరిచేసి చచ్చిపోవాలని ఉంది.

మూట కట్టుకుని పోవచ్చు గదా అని మీరనవచ్చు. పాలెంవాళ్ళ ప్రార్థన గుడి రెడ్డి భూమిలో ఉంది. వాళ్ళు నీళ్ళు తోడుకునే బావీ రెడ్డిదే. మొదటిసారి అడిగినప్పుడు మహానంది రెడ్డి నవ్వుతూనే, “పోరా. పోయేటప్పుడు మీ గుడి గోడలు గూడా ఎత్తుకపో” అన్నాడు. ఆ రాత్రే పాలెం పెద్దన్న వచ్చి గడపలో కూర్చుని ఏడ్చాడు. “నువ్వు ఆయన మాట కాదని పోతే మేం యాడ మోకరించల్ల, యాడ నీళ్ళు తాగల్ల?” రెడ్డి ఒకవైపు పట్టుకుంటే, తనవాళ్ళు రెండోవైపు పట్టుకున్నారు. రెడ్డి తన నోటితో పొమ్మంటే తప్ప లేవి కదలలేడు.

జట్టు ఓడిన ఏడాది అడిగితే, “ఓడగొట్టి యాడికి పోతావురా” అన్నాడు రెడ్డి. గెలిచిన ఏడాది అడిగితే, “గెలిచే జట్టును ఇడిసి పోతావా” అన్నాడు. మళ్ళేటప్పుడు పట్టుకోవడం లేవి నేర్పిన విద్య. ఆ విద్య మహానంది రెడ్డికి ఎవరూ నేర్పకుండానే వచ్చు.

తిరునాళ్ళ ఆ మధ్యాహ్నమే, ఏటికవతలి ఊళ్ళో. కోసిన జొన్నచేలో మోళ్ళు పెరికి బరి గీశారు. చుట్టూ జనం. పాలెంవాళ్ళు ఎప్పటిలాగే గాలివాటుకు అవతల, విడిగా నిలబడ్డారు. లేవి వాళ్ళ ముందు వరుసలో మునివేళ్ళమీద నిక్కి చూస్తున్నాడు. నరసింహ మంచి కూతలే పెట్టాడు. తాకినంతమందిని తాకి వచ్చి, చివరికి అత్యాశకు పోయి అవతలివాళ్ళ చేతుల్లో పడ్డాడు. ఒక్కొక్కరే పోగా మనవైపు గిడ్డయ్య, కంసాలి కుర్రవాడు, ఇంకొకడు మిగిలారు. అవతలివాళ్ళ మొనగాడు తొడ చరిచి కూత పెట్టుకుంటూ వచ్చాడు. గెలుపో ఓటమో ఆ కూతలోనే ఉంది.

“రానీ” అన్నాడు లేవి, గొంతు ఎత్తకుండానే. “రానీ అప్పా. ఇంకా రానీ.”

అంత గోలలో ఆ మాట బరిలోకి వినబడే అవకాశం లేదు. అయినా గిడ్డయ్య వెనక్కి వెనక్కి జరిగాడు. జనం పిరికివాడని అరిచారు. మొనగాడు కొసగీత దాకా వచ్చాడు, కూత సన్నబడింది, వెనక్కి తిరిగాడు. గిడ్డయ్య పడిపోయినట్టే వంగి మడమకు పైన పట్టాడు. బొటనవేలు లోపలికి. మిగిలిన ఇద్దరూ మీద పడ్డారు. కూత ఆగిపోయింది.

లేవి చేతులు గాలిలో పిడికిళ్ళు బిగించి ఉన్నాయి. ఎంతసేపటికీ విడిపోలేదు. పక్కనున్న పెద్దన్న నవ్వి భుజం తట్టాక గాని అతనికి తెలియలేదు.

పూలదండ నరసింహ మెడలో పడింది. మహానంది రెడ్డి బండిమీద కూర్చుని అందరికీ బెల్లం పంచుతున్నాడు. లేవి దూరంగా నిలబడి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“ఏమిరా లేవీ, గెలిపిస్తివి.”

“మీ దయ సామీ. సామీ, బద్వేలి సంగతి. మీ నోటితో పో అంటే పోతా. వయసు మళ్ళింది. ఇదే కడ అడగడం.”

రెడ్డి నవ్వాడు. పాపం, కోపంగా నవ్వలేదు. నిజంగా ప్రేమగానే నవ్వాడు.

“నీకేం తక్కువ చేసినాన్రా ఈడ? వచ్చే ఏడు చూస్తాం లే. బెల్లం తీసుకో.”

బెల్లం గడ్డ ఒకటి విసిరాడు. లేవి దోసిలి పట్టాడు. అది అంచుకు తగిలి మట్టిలో పడింది.

పొద్దు వాలుతుండగా బండ్లు కదిలాయి. జట్టు బండ్లమీద, లేవి వెనక దుమ్ములో. పాలెంవాళ్ళు ఇంకా వెనక వస్తున్నారు. కడపటి బండిలో గిడ్డయ్య కాళ్ళు వేలాడేసి వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

“ఏమప్పా లేవీ, నువ్వు చెప్పినట్లే పట్టినా. చూస్తివా?”

“చూసినా. బాగుండాది. మోకాలు ఇంకా రవ్వంత వంగల్ల.”

గిడ్డయ్య నవ్వాడు. “ఈ పొద్దన్నా ఊరికే బాగుందనవా.”

“బాగుండాదప్పా. శానా బాగుండాది.”

వంకమీది చిన్న వంతెన, మోరీ వచ్చింది. లేవి దాని గట్టుమీద కూర్చున్నాడు. మొహం బూడిద రంగుకు తిరిగింది, చెమట ధారలు కట్టింది. “మీరు పోతాండండి, నేను వస్తా” అన్నాడు. బండి కొంత దూరం పోయింది. అంత దూరంనుంచీ గిడ్డయ్యకు అతను కూర్చున్న తీరు నచ్చలేదు. బండిలో ఉన్న రెడ్డి ఇంటి ఇత్తడి చెంబు అందుకుని దూకాడు.

“నీళ్ళు తాగప్పా. దోసిలి పట్టు.”

పైనుంచి పోశాడు. లేవి చేతులు లేచాయి గానీ ఒకదానితో ఒకటి కలవలేదు. నీళ్ళు మోకాళ్ళమీద పడి మట్టిలోకి పోయాయి. ఇంకోసారి పోశాడు. అవీ అంతే. గిడ్డయ్య బండ్లవైపు ఒకసారి చూశాడు. వంగి, లేవి తల వెనక చెయ్యి పెట్టి, చెంబును నేరుగా పెదవులకు ఆనించాడు.

రెండు గుక్కలు దిగాయి. లేవి కళ్ళు తెరిచి తన తల కింద ఉన్న చేతివైపు తిరగబోయాడు.

“కృపమణికి చెప్పు. అడిగినానని చెప్పు.”

గిడ్డయ్య చెబుతానన్నాడు. ఆ మాట లేవికి వినబడిందో లేదో ఎవరికీ తెలియదు. పాలెంవాళ్ళు వచ్చేదాకా గిడ్డయ్య అతని మణికట్టు పట్టుకునే కూర్చున్నాడు. పట్టు ఎక్కడా సడలలేదు గానీ, ఆపడానికి అక్కడ మనిషి లేడు.

పెద్దన్న వాళ్ళు లేవిని భుజాలమీద మోసుకుపోయారు. నరసింహ ముందు ఆగిన బండిమీదనుంచే, “మునిగి రారా ఇంటికి” అని గిడ్డయ్యకు చెప్పాడు. ఏటిలో నీళ్ళు లేవు, వాడు యాడ మునగల్లో ఎవరూ చెప్పలేదు. గిడ్డయ్య నేరుగా పాలెం దాకా నడిచి, కృపమణి గుడిసె ముందు నిలబడి, “అడిగినాడమ్మా. నేను విన్నా” అన్నాడు. ఆమె తల ఊపింది. గుడి గంట కొట్టడానికి ఎవరో పరుగెత్తారు.

చెంబు మోరీమీదే ఉండిపోయింది. మాలవాడి పెదవి తగిలింది గనుక రెడ్డి ఇంట్లోకి పోదు. మీద పెద్దరెడ్డి పేరు చెక్కి ఉంది గనుక పాలెంవాళ్ళు తీసుకుంటే దొంగతనమవుతుంది. మరునాడు చేలకు పోయేవాళ్ళందరూ దాన్ని చూసి పక్కకు జరిగి నడిచారు. అడుగున ఇంకా గుక్కెడు నీళ్ళున్నాయి.